నీలి చారల బల్ల

జూన్ 3

వడ్రంగి పిల్లకు,

నేను షాపులో గొడవ చేశానని రాశావు. తప్పు. గొడవంటే అరవాలి, ఎవరినో ఒకరిని నిలబెట్టి తిట్టాలి, చుట్టూ జనాన్ని పోగెయ్యాలి. నేను ఒక బల్లను బోర్లించాను. జనం వాళ్లంతట వాళ్లే పోగయ్యారు.

ఫర్నిచర్ షాపాయన నీకు ఫోన్ చేసి తన వైపు కథ చెప్పినట్టున్నాడు. ఇప్పుడు నా వైపు నుంచి చదువు. నేనూ ఫోన్‌లోనే చెప్పేదాన్ని కానీ, నేను గొంతు పెంచగానే మీ రేవు ఊళ్లో సిగ్నల్ పోతుంది. కాగితానికి ఆ జబ్బు లేదు.

సోమవారం కళ్లజోడు ఫ్రేము మార్పించుకుని వస్తూ ఆ షాపులోకి వెళ్లాను. నీ వస్తువులు అక్కడ అమ్ముతారని నువ్వే చెప్పావు, గుమ్మం దాకా వెళ్లి చూడకుండా ఎలా వస్తాను? అద్దాల తలుపు, లోపల చల్లగాలి, ఒక్కో కుర్చీ నెత్తిన ఒక్కో దీపం. మధ్యలో నీ బల్ల. నీదని ఎలా తెలిసిందంటావేమో. కూర్చుని లేచేటప్పుడు బట్ట పట్టుకోకుండా వెనక అంచును బొటనవేలి మందాన గుండ్రంగా చెక్కే మనిషి నువ్వు తప్ప నాకు ఇంకెవరూ తెలియదు. దాని మీద ఒక అట్టముక్క నిలబెట్టి ఉంది. "రెండు వందల ఏళ్ల నాటి ఓడ నుంచి సేకరించిన అపురూపమైన కలప" అని.

రెండుసార్లు చదివాను. ఓడట. నువ్వు గోదాముల వెనక తిరిగి, సరుకు దించాక బయట పారేసే ప్యాలెట్లు, ఆ మోటు చెక్క చట్రాలు, ఏరుకొచ్చి, ఒక్కో పలకలోంచి మేకులు పీకి, చిత్రిక పట్టి చేస్తావని నాకు తెలుసు. నీ అరచేతుల్లో బొబ్బలు కూడా చూశాను. అందులో ఓడ ఎక్కడా కనబడలేదు.

ముప్పయ్యొక్క ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని. పరీక్ష గదిలో అడుగుపెడితే మొదట బల్లల అడుగు తడిమి చూసేదాన్ని. పిల్లలు చూపించాలనుకున్నది బల్ల పైన పెడతారు, వద్దనుకున్నది కింద అంటిస్తారు. ఆ అలవాటు కొద్దీ బోర్లించాను. కింద ఆకుపచ్చటి దళసరి గుడ్డ, జిగురుతో నీటుగా అంటించి ఉంది. తాళంచెవితో ఒక మూల లేపాను. లోపల చెక్కంతా నీలం. సిరా ఒలికినట్టు చారలు చారలుగా.

నీలం అంటే ఏమిటో ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. పురుగు పట్టకుండా చెక్కకు మైలుతుత్తం పట్టిస్తారు. అది విషం. ఆ నీలి పలుకులు ముట్టుకున్న చేతులు నోట్లో పెట్టుకోవద్దని ఎన్ని తరగతుల్లో మొత్తుకున్నానో. అలాంటి చెక్కతో నువ్వు నలుగురు కూర్చునే బల్ల చేశావు, అడుగున గుడ్డ వేసి దాచావు, పైన ఓడ కథ పెట్టించావు. పక్కన నిలబడ్డ ఒకావిడ "ఏమైందండీ" అని అడిగింది. చెప్పాను.

"ఇది ఓడా కాదు, గీడా కాదు. గోదాము వెనక పారేసిన చెక్క. చేసింది నా మనవరాలే. ఇదిగో, మందు పట్టించారు. పిల్లలున్న చోటికి మాత్రం తీసుకెళ్లకండి."

మామూలు గొంతుతోనే అన్నాను. వెనక బెంచీ దాకా వినబడడానికి అలవాటుపడ్డ గొంతు కాబట్టి షాపంతా వినబడింది.

పారేసిన చెక్క అని చెప్పుకోవడానికి సిగ్గైతే ఆ పని మానెయ్. సిగ్గు లేకపోతే ఆ గుడ్డ పీకెయ్. సాక్ష్యానికి కాస్త చెక్క గీకి, బస్సు టికెట్టులో పొట్లం కట్టి తెచ్చుకున్నాను. సమాధానం ఉంటే రాయి.

నువ్వు సరిగ్గా తింటున్నావో లేదో కనుక్కోమని మీ అమ్మ అంటోంది. ప్రస్తుతానికి నాకు ఆ కుతూహలం లేదు.

బల్ల బోర్లించిన
అమ్మమ్మ


జూన్ 9

అమ్మమ్మా,

నీ ఉత్తరం చదువుతుంటే నా మొహం చూసి పక్క షెడ్డు వెల్డింగ్ అన్న "కోర్టు నోటీసా?" అని అడిగాడు. తీర్పు అని చెప్పాను.

ఆ గుడ్డ నేను అంటించలేదు. ఆ అట్టముక్క నేను రాయలేదు. ఓడ సంగతి నీ ఉత్తరం చదివేదాకా నాకే తెలియదు. ప్యాలెట్ల మీద ఒక ముద్ర కాల్చి వేసి ఉంటుంది. చెక్కను మందుతో శుద్ధి చేశారో, వేడి గదిలో పెట్టి చేశారో ఆ ముద్ర చెబుతుంది. మందు ముద్ర ఉన్నవాటిని, అసలు ముద్రే లేనివాటిని నేను షెడ్డు గడప దాటనివ్వను. నేను చేసే ప్రతి వస్తువు అడుగునా ఆ వేడి ముద్ర ఉన్న ముక్క ఉంటుంది. చుట్టూ చిత్రిక పడతాను కానీ దాన్ని మాత్రం ముట్టుకోను. ఎవరికైనా అనుమానం వస్తే తిరగేసి చూసుకోవాలని. నువ్వు మూల కాకుండా మధ్యలో గుడ్డ లేపి ఉంటే అది కనబడేది. లోకంలో ఉన్న బల్లలన్నీ బోర్లించే మనిషివి, నా దగ్గరకొచ్చేసరికి సగంలో ఆగిపోయావు.

నీలం మైలుతుత్తం కాదు. బూజు. ఈ మెత్తటి జాతి చెట్టును కొట్టి పచ్చిగా పడేస్తే బూజు పడుతుంది. వేడికి బూజు చచ్చిపోతుంది, రంగు ఉండిపోతుంది. చెక్క బలం తగ్గదు, ఎవరికీ ఏమీ కాదు. నాకు ఆ రంగంటే ఇష్టం. నీలం పలకలు దొరికితే ఏరి పక్కన పెట్టుకుంటాను. షాపాయన మరక అంటాడని భయపడి ఆ బల్లకు అడుగున వేశాను. అది మాత్రం నా పిరికితనమే.

ఇక అసలు సంగతి. నిన్ను "ఏమైందండీ" అని అడిగినావిడ ఎవరనుకున్నావు? మీ ఊళ్లోనే చిన్నపిల్లల బడి నడుపుతున్న హెడ్‌మిస్ట్రెస్. ఇరవై చిన్న కుర్చీలు చేసిస్తావా అని నన్ను అడిగి నెలైంది. నా పనితనం చూద్దామని ఆ రోజు షాపుకు వచ్చింది, చూసింది. ఇప్పుడు రాసింది: "మీ సొంత అమ్మమ్మగారే వద్దన్నాక నేను పిల్లల్ని ఎలా కూర్చోబెట్టను?" దీనికి ఏమని జవాబు రాయాలో నువ్వే చెప్పు.

ఆ ఇరవై కుర్చీలను నమ్ముకునే, షెడ్డు ఇంకో ఏడాది నేనే ఉంచుకుంటానని యజమానికి మాటిచ్చాను. షాపాయన మిగతా వస్తువులన్నీ లారీలో తిప్పి పంపాడు. షెడ్డు ముందు టార్పాలిన్ కింద ఉన్నాయి. నెలాఖరులోగా ఏదీ తేలకపోతే తాళంచెవి ఇచ్చేసి, అమ్మ కోరుకున్నట్టు బ్యాంకు పరీక్షకు చదువుకోవాలి.

దారినపోయే మనిషి ఎవరైనా అని ఉంటే ఊరుకునేదాన్ని. నువ్వు అన్నావు. నన్ను ఒక్క మాట అడగకుండా అన్నావు.

తింటున్నానని అమ్మకు చెప్పు.

మనవరాలు


జూన్ 13

మనవరాలికి,

నీ పిరికితనాన్ని ఒప్పుకున్న వాక్యం బాగుంది. నీ ఉత్తరంలో నాకు నచ్చింది అదొక్కటే.

బూజని నాకు పాఠం చెబుతున్నావు. నీలంగా ఉన్నదల్లా మైలుతుత్తం కాదని నాకూ తెలుసు. కానీ చెక్క మీద నీలం కనబడితే మొదట అనుమానించాల్సింది దాన్నే. అనుమానించాను. అనుమానాన్ని పైకి అనడంలో కాస్త తొందరపడ్డానేమో, అది వేరే సంగతి.

నీ మాటా వద్దు, నా మాటా వద్దు. పొట్లంలో చెక్కపొడి ఉంది కదా. గాజు గ్లాసులో వేడినీళ్లు పోసి, కాస్త వెనిగర్ కలిపి, ఆ పొడి వేశాను. అందులో కొత్త ఇనుప మేకును గరుకు కాగితంతో రుద్ది నిలబెట్టాను. మైలుతుత్తంలో రాగి ఉంటుంది, అదే అయితే మేకుకు ఎర్రటి పూత పట్టాలి. ఎనిమిదో తరగతి ప్రయోగం. అది తన కాఫీ గ్లాసని మీ అమ్మ రాద్ధాంతం చేస్తోంది.

అట్టముక్క నువ్వు రాయలేదన్నావు. నమ్ముతున్నాను. అబద్ధం అంత నున్నగా రాయడం నీకు రాదు. రాసినవాడి సంగతి తర్వాత చూస్తాను.

జూన్ 16

ఉత్తరం ఆపి మూడు రోజులైంది. రెండో రోజుకు మేకు ఎర్రబడింది. మీ అమ్మను పిలిచి చూపించాను. ఒక గంట సేపు చాలా సంతోషంగా ఉన్నాను. తర్వాత వేలితో రుద్దితే గోధుమరంగు పొడి రాలింది. వట్టి తుప్పు. మనసొప్పక నా పాత బడి ల్యాబుకు వెళ్లి, మిగిలిన పొడిని అమ్మోనియాలో వేసి చూశాను. రాగి ఉంటే నీలం చిక్కబడాలి. చిక్కబడలేదు. నీ బూజు బూజే.

నేను పొరబడ్డాను. ఈ వాక్యాన్ని కత్తిరించి దాచుకో, ఇంకోసారి రాయను.

రేపు ఆ చిన్నపిల్లల బడికి వెళుతున్నాను. వద్దంటావని తెలుసు. నీ 'వద్దు' పోస్టులో వచ్చేసరికి నేను వెళ్లి వచ్చేసి ఉంటాను.

ఇప్పటికీ కోపం తగ్గని, ఎవరి మీదో తేలని
అమ్మమ్మ


జూన్ 15

అమ్మమ్మా,

నీ జవాబు ఇంకా రాలేదు. అలిగావో, నా మీద ఇంకా సాక్ష్యాలు పోగుచేస్తున్నావో తెలియదు. ఏదైనా సరే, ముందు ఇది చదువు.

నిన్న షాపాయన వచ్చాడు. చెక్కపొట్టుకు బూట్లు పాడవుతాయని గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు. మర్యాదగానే మాట్లాడాడు. "చూడమ్మా, నీ చేతిలో పని ఉంది, కాదనను. కానీ పారేసిన చెక్క అంటే ఎవడు కొంటాడు? నేను అమ్మేది కథ" అన్నాడు. నీవల్ల షాపుకు చెడ్డపేరు వచ్చిందట. ఒక కాగితం తెచ్చాడు. నేను వాడే కలపంతా పాత ఓడలదేనని రాసి ఉంది. నేను సంతకం పెడితే వస్తువులన్నీ వెనక్కి తీసుకుంటాడట, బడి హెడ్‌మిస్ట్రెస్‌తో తనే మాట్లాడతాడట. ఏమని మాట్లాడతారని అడిగాను.

"ఏముందమ్మా, పెద్దావిడకు మతి సరిగ్గా లేదని చెబితే సరి" అన్నాడు.

ఒళ్లు మండింది. వారం గడువిచ్చి వెళ్లాడు.

పెట్టేద్దామనే అనుకుంటున్నాను. అడుగున ఆ వేడి ముద్ర ఉంటుంది, పైన ఆయన కథ ఉంటుంది. నమ్మేవాళ్లు ఏది కావాలంటే అది నమ్ముకుంటారు. నాకు ఓపిక అయిపోయింది. నువ్వు మాత్రం దయచేసి ఇంట్లో కూర్చో. ఎవరికీ ఏదీ వివరించకు. ఇంకేదీ బోర్లించకు.

మనవరాలు


జూన్ 18

సంతకం పెట్టకు.

పలకరింపు లేకుండా మొదలుపెట్టాను, మిగతాది చదివే ఓపిక నీకు లేకపోయినా ఇది చదువుతావని. నీ ఉత్తరం ఇప్పుడే చేరింది, నేను బడికి వెళ్లొచ్చిన మర్నాడు.

నాకు మతి లేదని చెబితే చెప్పుకోనీ. ఈ వయసులో అదొక సౌకర్యం, బస్సులో సీటు తొందరగా దొరుకుతుంది. కానీ నువ్వు ఆ కాగితం మీద సంతకం పెడితే ఏమవుతుందో ఆలోచించావా? నీ మీద నేను రెండు నిందలు వేశాను. విషపు చెక్క వాడావన్నాను, నిజం దాచావన్నాను. మొదటిది తప్పని మేకు తేల్చింది. రెండోది ఒప్పని నువ్వే నీ చేత్తో తేలుస్తావా? నేను అన్ని విషయాల్లోనూ గెలవాలని కోరుకునేదాన్నే కానీ, ఇందులో కాదు.

ఓపిక అయిపోయిందట. పలకకు పన్నెండు మేకులు పీకేటప్పుడు ఉన్న ఓపిక ఒక అబద్ధాన్ని కాదనేటప్పుడు ఎక్కడికి పోయింది?

బడి సంగతి చెబుతాను. హెడ్‌మిస్ట్రెస్ గదిలో పెద్దవాళ్ల కుర్చీ ఒక్కటే ఉంది, అందులో ఆవిడ ఉంది. నన్ను పిల్లల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోమంది. మోకాళ్లు గడ్డానికి ఆనుకున్నాయి. ఆ ఎత్తు నుంచి తప్పు ఒప్పుకోవడం ఎలా ఉంటుందో నీకు ఊహకు అందదు. మేకు, గ్లాసు కూడా పట్టుకెళ్లాను. మొత్తం చెప్పాను, వెనిగర్ దగ్గర నుంచి అమ్మోనియా దాకా. ఆవిడ చివరిదాకా విని, నా వైపు వంగి అంది:

"మీరు ఆ రోజు షాపులో కూడా ఇంతే నమ్మకంగా చెప్పారండీ."

ముప్పయ్యొక్క ఏళ్లలో నన్ను అంత సూటిగా ఎవరూ పట్టుకోలేదు. మేకు, గ్లాసు తీసి సంచిలో పెట్టేశాను.

"అయితే నన్ను నమ్మకండి" అన్నాను. "మా పిల్ల ప్రతి వస్తువుకూ ముద్ర ఉంచుతుంది. తిరగేసి మీరే చదువుకోండి."

ఆవిడ ఔననలేదు, కాదనలేదు. ఒక కుర్చీ పంపమనండి, చూస్తాను అంది. గుడ్డలూ అవీ ఉండకూడదు. నీలం పలక పైకి కనబడేలా ఉంటుందని నేను ముందే చెప్పేశాను. నీ పనిలో వేలు పెట్టానని తెలుసు. పెట్టాను.

కుర్చీ చెయ్యి. ఆ కాగితం సంగతి ఏం చేశావో వెంటనే రాయి, మీ అమ్మకూ నాకూ ఇవాళ కాఫీ రుచించలేదు. ఆవిడకు గ్లాసు లేక, నాకు నీవల్ల.

అమ్మమ్మ


జూన్ 24

అమ్మమ్మా,

నీ రెండు ఉత్తరాలూ ఇరవయ్యో తారీఖున ఒకేసారి వచ్చాయి. "నేను పొరబడ్డాను" అన్న వాక్యాన్ని కత్తిరించి రంపాలు తగిలించే గోడకు అంటించాను. వెల్డింగ్ అన్న చదివి, నీకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

సంతకం పెట్టలేదు. నీ మాట విని మానుకున్నానని మురిసిపోకు. నీ ఉత్తరాలు రాకముందే పెట్టకూడదని తేల్చుకున్నాను. ఆయన అన్న మతి మాట రోజంతా చెవిలో గింగురుమంటూనే ఉంది. నువ్వు నన్ను అడగకుండా నలుగురిలో అన్నందుకు నాకు ఇంకా కోపం ఉంది, ఈ ఏడాదంతా ఉంటుంది. కానీ నిన్ను అనాలంటే నేను అనాలి, మధ్యలో ఆయనెవరు? ఆ కాగితం వెనక ఖాళీగా ఉంది. దాని మీద కుర్చీ కొలతలు వేసుకున్నాను. ఫోన్ చేస్తే అదే చెప్పాను. ఇక నా గుమ్మం తొక్కనన్నాడు. షెడ్డు ముందున్న వస్తువుల సంగతి అలాగే ఉంది, మొన్న వానకు ఒక స్టూలు తడిసింది కూడా.

కుర్చీ నిన్న లారీకి ఎక్కించాను, రేపు మీకు చేరుతుంది. కూర్చునే పలక మొత్తం నీలమే. ముద్ర ఉన్న ముక్కను అడుగున కాదు, ఈసారి వీపు పలక వెనక వేశాను, వెనక కూర్చున్న పిల్లకు ఎదురుగా కనబడేలా. ఎత్తు పుస్తకంలో చూసి పెట్టాను, ఇక్కడ కొలవడానికి పిల్లలెవరూ లేరు.

ముప్పయ్యో తారీఖున యజమాని తాళంచెవికి వస్తాడు. మంచి కబురైనా చెడ్డ కబురైనా ఆలోపు తెలియజెయ్యి. చుట్టూ తిప్పి రాయకు.

మనవరాలు


జూన్ 28

వడ్రంగి పిల్లకు,

కుర్చీ ఎత్తు సరిపోయింది. నాకు కాదు, వాళ్లకు.

గురువారం నేనే ఆటోలో పెట్టుకుని తీసుకెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ ముద్ర చదివింది, కళ్లజోడు తీసి మళ్లీ చదివింది. గోళ్లతో గీకింది, వాసన చూసింది, ఆ కుర్చీలో తను కూర్చుంది, నన్ను కూర్చోమంది. అప్పుడు తరగతిలో పెట్టింది. ఒక పిల్ల ఆ నీలం ఎవరు వేశారని అడిగింది. హెడ్‌మిస్ట్రెస్ నా వైపు చూసింది. మళ్లీ ఏం చెబుతానోనని కాబోలు. "బూజు వేసిందమ్మా. ఇప్పుడు చచ్చిపోయింది" అన్నాను. ఆ ఒక్క మాటతో గదిలో ఉన్నవాళ్లందరికీ చచ్చిపోయిన బూజు కుర్చీ కావాల్సి వచ్చింది. జుట్లు పట్టుకున్నారు. వంతులు వెయ్యాల్సి వచ్చింది. రెండు రోజులు చూసి, నిన్న ఆవిడ నన్ను పిలిపించింది. "మీ కుర్చీ వచ్చాక నా తరగతిలో పాఠం జరగడం లేదండీ. మిగతా పందొమ్మిదీ తొందరగా ఇప్పించండి. అన్నిటికీ నీలం ఉండాలి, లేకపోతే మళ్లీ కొట్లాటే" అంది. ఆవిడ రాసి సంతకం పెట్టిన కాగితం ఇందులో ఉంది. చదువుకో, దాంట్లో ఓడ లేదు.

అన్నిటికీ చాలేంత నీలం ఎక్కడి నుంచి తెస్తావో నాకు తెలియదు. అది నీ పని, అందులో వేలు పెట్టను. ఒక్క ఫోన్ మాత్రం చేశాను, షెడ్డు యజమానికి. ఉత్తరం వేళకు చేరకపోతేనో అని. మనిషి మంచివాడే, కాస్త నిదానంగా మాట్లాడమని రెండుసార్లు అడిగాడు. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో.

ఇవాళ మీ అమ్మా నేనూ ఆ షాపు ముందు నుంచి వచ్చాం. అద్దంలో ఇంకెవరో చేసిన బల్ల ఉంది. దాని మీద అట్టముక్క మూడు వందల ఏళ్ల నాటి ఓడ అంటోంది. నెల తిరక్కుండానే ఆ ఓడకు వందేళ్లు పైబడ్డాయి. లోపలికి వెళ్లబోయాను, మీ అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. రేపు తను ఆఫీసుకు వెళుతుంది, నేను ఖాళీగానే ఉంటాను.

హెడ్‌మిస్ట్రెస్ ఒకే ఒక్క లోపం పట్టింది. గచ్చు మీద జరిపితే కుర్చీ కీచుమంటోంది. కాబట్టి ఈ ఉత్తరం అందిన పూటే హార్డ్‌వేర్ షాపుకు వెళ్లు. కుర్చీ కాళ్ల కింద బిగించే నల్లటి రబ్బరు బిళ్లలు ఉంటాయి, మధ్యలో స్క్రూ చిల్లు ఉన్నవి తీసుకో. జిగురుతో అంటించేవి ఇస్తానంటే వద్దను, పిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు. అందాజాగా తేకు, కాలి ముక్క ఒకటి కోసి పట్టుకెళ్లి, దాని మీద పెట్టి చూసుకో. ఎనభై తీసుకుని, అందులో నాలుగు స్క్రూలతో సహా కవర్లో పెట్టి నాకు పోస్టు చెయ్యి. ఇక్కడున్న కుర్చీకి నేనే బిగిస్తాను. స్క్రూడ్రైవర్ పంపక్కర్లేదు, ఉంది.

అమ్మమ్మ